ముక్కుకు తెలియని ఘాటు

ప్రశ్న: మేడం, నాకు 27 ఏళ్ళు. బీఎస్సీ నర్సింగ్ చేసి నాలుగేళ్ళుగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. రెండేళ్ళు క్యాజువాలిటీలో చేశాను, ఇప్పుడు ఐసీయూ. అమ్మ గుంటూరు మిర్చి యార్డు దగ్గర మిరపకాయల ముచ్చికలు (తొడిమలు) తీసే పనికి వెళ్తుంది. నాన్న బండి మీద పాలు పోస్తాడు. పోయిన నెల మా అమ్మమ్మ చనిపోయింది. నన్ను పెంచింది ఆవిడే. నేను వెళ్ళేసరికి ఇల్లంతా ఏడుపులు. నేను మాత్రం ఆవిడ కళ్ళు మూసి, దవడకు గుడ్డ కట్టి, కాళ్ళూ చేతులూ సరిచేసి, "ఎన్నింటికి పోయింది?" అని అడిగాను. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. పెద్దమ్మ అందరి ముందూ "ఆసుపత్రి ఉద్యోగం దీన్ని రాయిని చేసింది" అంది. పెదకర్మ నాడూ ఏడుపు రాలేదు. ఒకప్పుడు రక్తం చూస్తే కళ్ళు తిరిగేవి. ఇప్పుడు యాక్సిడెంట్ కేసుకు డ్రెస్సింగ్ చేసొచ్చి, చేతులు కడుక్కుని టిఫిన్ బాక్సు తెరుస్తాను. మొన్న నైట్ డ్యూటీలో మానిటర్ అలారం మోగితే చూడకుండానే నొక్కి ఆపేశాను. కాసేపటికి జూనియర్ చూసి పరిగెత్తుకొచ్చింది, పేషెంట్‌కి ఏమీ కాలేదులెండి. కానీ రాత్రి నాన్న రావడం పది నిమిషాలు ఆలస్యమైతే మాత్రం వణికిపోతాను. నేను నిజంగానే రాయినైపోయానా? ఈ ఉద్యోగం మానేస్తే మళ్ళీ మామూలు మనిషినవుతానా?
— ఒక స్టాఫ్ నర్సు, గుంటూరు జిల్లా

జవాబు: మేడం అన్నావు గానీ, నేను ముప్ఫై నాలుగేళ్ళు "సిస్టర్" అని పిలిపించుకున్న దాన్ని. వార్డులో సగం, నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్పడంలో సగం గడిచిపోయాయి. నిన్ను నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు తల్లీ.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఏడుపు రాలేదన్న మాట ఉత్తరం పొడుగునా ఉంది. అలారం సంగతి మాత్రం రెండు ముక్కల్లో తేల్చేసి, చివర "ఏమీ కాలేదులెండి" అని తోక తగిలించావు. నాకు ఒళ్ళు ఝల్లుమన్నది ఆ తోక దగ్గర. దానికి తర్వాత వస్తాను. ముందు అమ్మమ్మ.

ప్రాణం పోయాక రెండు మూడు గంటల్లో ఒళ్ళు బిగుసుకోవడం మొదలవుతుంది. ముందుగా బిగిసేవి కనురెప్పలూ దవడా. ఆ లోపల కళ్ళు మూయకపోతే, దవడకు గుడ్డ కట్టకపోతే, నోరు తెరుచుకునే ఉండిపోతుంది. చూడ్డానికొచ్చిన మనవలకూ మునిమనవలకూ ఆ తెరుచుకున్న నోరే గుర్తుండిపోతుంది. నీకిది తెలుసు, అందుకే చేశావు. ఆ గదిలో అంతమంది ఉండగా ఆవిడ ముఖాన్ని ఆవిడ ముఖంలాగే ఉంచాలన్న ఆలోచన వచ్చింది నీ ఒక్కదానికే. గుడ్డ ఎక్కడినుంచి తెచ్చావో రాయలేదు. ఆవిడ పాత చీర అంచే చింపి ఉంటావని నా ఊహ. మీ పెద్దమ్మను నేను తప్పుపట్టను. ఏడ్చేవాళ్ళకు ఏడవనివాళ్ళు పరాయివాళ్ళలా కనిపిస్తారు, చావింట్లో మాటలు అలాగే ఉంటాయి. కానీ ఆవిడ అన్న మాటను నువ్వు రోగ నిర్ధారణ రిపోర్టులా దాచుకోనక్కర్లేదు.

ఇప్పుడు మీ అమ్మ దగ్గరికి వద్దాం. నీ ప్రశ్నకు సగం జవాబు మీ ఇంట్లోనే ఉంది, నువ్వు రోజూ చూస్తూనే ఉన్నావు.

నేను గుంటూరులో ఆరేళ్ళు పనిచేశాను. సీజన్లో సాయంత్రం బస్సెక్కితే, యార్డు నుంచి వచ్చే ఆడవాళ్ళు ఎక్కిన స్టాపు నుంచీ బస్సులో తుమ్ములు మొదలయ్యేవి. కండక్టర్ కొంగు లేదు గనక జేబురుమాలు అడ్డం పెట్టుకునేవాడు. ఒకసారి నా పక్కన కూర్చున్నావిడ చీరంతా తేజా రకం మిరపకాయ ఘాటు. నాకు కళ్ళూ ముక్కూ ఏకధారగా కారుతుంటే ఆవిడ నన్ను చూసి, "జలుబు చేసిందా అమ్మా, మిరియాల కషాయం తాగు" అంది. నవ్వాలో తుమ్మాలో తెలియలేదు. ఆవిడకు ఆ ఘాటు నిజంగానే తెలియట్లేదు. రోజంతా టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య కూర్చుని ముచ్చికలు తీసి తీసి ముక్కు దాన్ని లెక్కలోంచి తీసేసింది.

ఇదేమీ మాయ కాదు. మిరపకాయలో మంటపుట్టించే పదార్థం క్యాప్సైసిన్. మన నరాల చివర దాన్ని పట్టుకునే ఒక ప్రోటీన్ ఉంటుంది. వేడి 43 డిగ్రీలు దాటితే మేల్కొనేదీ అదే, కారం తగిలితే మేల్కొనేదీ అదే. అందుకే కారాన్ని మనం "మంట" అంటాం. కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో దాన్ని పట్టుకుంది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. చిత్రమేమిటంటే, క్యాప్సైసిన్ అదేపనిగా తగులుతుంటే ఆ నరం కాసేపు గగ్గోలు పెట్టి తర్వాత మూగబోతుంది. సర్పి తగ్గాక కూడా నెలల తరబడి నరాలు లాగేసే పెద్దవాళ్ళకు మిరప మందు క్రీములు రాయిస్తారే, ఆ కిటుకు మీదే. మంటతోనే మంటను మూగబుచ్చడం.

అయితే ఒకటి చూడు. మీ అమ్మ ముక్కు మూగబోయింది గానీ, అదే చేత్తో పొరపాటున కన్ను నలుపుకుంటే లబోదిబోమంటుంది. ముక్కు నేర్చుకున్న పాఠం కంటికి రాదు. అలవాటు ఎప్పుడూ చోటు చూసుకునే పడుతుంది. రక్తానికీ, కేకలకూ, ఫినాయిల్ వాసనకూ నువ్వు అలవాటు పడ్డావు. అంటే నీలోపల మొత్తం ఎండిపోయిందని కాదు. ఎండిపోతే నాన్న పది నిమిషాలు ఆలస్యమైనందుకు వణుకు ఎక్కడినుంచి వస్తుంది? రాయి వణకదు కదా.

ఆ వణుకు గురించి కూడా చెప్పాలి. ఎందుకంటే నువ్వు "కానీ" అని మొదలుపెట్టి, అదేదో దీనికి సంబంధం లేని విషయమన్నట్టు రాశావు. రెండూ ఒకే కొమ్మకు కాసినవి.

అప్లీజియా అని సముద్రంలో బతికే నత్త జాతి జీవి ఒకటుంది. దాన్ని పట్టుకుని ఎరిక్ కాండెల్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి పనిచేశాడు, 2000లో నోబెల్ అందుకున్నాడు. దాని ఒంటి మీద నీళ్ళు వదిలే గొట్టంలాంటి భాగాన్ని మెల్లగా తాకితే భయపడి మొప్పను లోపలికి ముడుచుకుంటుంది. మళ్ళీ తాకితే కాస్త తక్కువగా, ఇంకోసారి తాకితే ఇంకా తక్కువగా ముడుస్తుంది. పది సార్లు తాకేసరికి "ఓస్, ఇంతేనా" అన్నట్టు ఊరుకుంటుంది. అలా పదేసి సార్లు నాలుగు విడతలుగా తాకితే ఆ ఊరుకోవడం మూడు వారాల దాకా నిలిచిపోతుంది. ఇది అలవాటు. కానీ అదే జీవి తోక మీద ఒక్కసారి గట్టిగా కరెంటు షాకు ఇచ్చారనుకో, ఆ తర్వాత మెల్లగా తాకినా సరే అదిరిపడి మొప్పను బిగబట్టుకుంటుంది. ఒకే జీవి, అవే నరాలు. మెత్తగా పదేపదే తగిలితే మొద్దుబారుతుంది, తప్పించుకోలేని దెబ్బ ఒక్కటి తగిలితే పచ్చిపుండవుతుంది.

క్యాజువాలిటీలో రెండేళ్ళలో ఎన్ని బైకు కేసులు చూసి ఉంటావు? వాటిలో నాన్న వయసు వాళ్ళు ఎంతమంది? హెల్మెట్ బండి హ్యాండిల్‌కు తగిలించి, తలకు దెబ్బ తగిలించుకుని వచ్చినవాళ్ళు? రక్తం చూడ్డం అలవాటైంది. కానీ ఆ కేసుల్లో ఏదో ఒకటి, బహుశా ఒకే ఒక్కటి, నీకు తోక మీద తగిలిన షాకు. ఏదో నీకు తెలిసే ఉంటుంది. తెలిస్తే దాన్ని ఎవరికైనా మొదటి నుంచి చివరి దాకా చెప్పు. స్నేహితురాలైనా సరే, ఆ మనిషిని ఎవరు తీసుకొచ్చారు, ఏ చొక్కా వేసుకున్నాడు, నువ్వేం చేశావు, ఇంటికెళ్ళి ఏం తిన్నావు అన్నీ చెప్పు. ఒకటికి నాలుగు సార్లు చెప్పు. చెప్పగా చెప్పగా ఆ కేసు కూడా మెత్తబడుతుంది. ఈలోగా నాన్నకు హెల్మెట్ పెట్టుకోమని మాత్రం చెప్పు. ఆ భయంలో అంతమేరకు న్యాయం ఉంది.

రక్తానికి కళ్ళు తిరగడం మానేసినందుకు నువ్వు సిగ్గుపడుతున్నట్టున్నావు. నాకది అస్సలు అర్థం కాలేదు. నా సంగతి చెబుతాను. చదువుకునే రోజుల్లో నాకు మొదటి పోస్టింగు కాలిన గాయాల వార్డులో పడింది. అప్పట్లో కిరోసిన్ స్టవ్వుల కాలం. ఎక్కువమంది కొత్త కోడళ్ళు. "స్టవ్వు పేలింది" అని కేస్‌షీట్‌లో రాసి ఉండేది, అది నిజం కాదని వార్డంతా తెలుసు. తెల్ల క్రీము పూసిన చర్మం మీద నుంచి కట్టు విప్పేటప్పుడు వచ్చే వాసన మొదటి రోజే నన్ను పడేసింది. లేచేసరికి వరండాలో బెంచీ మీద ఉన్నాను. మా సిస్టర్ ట్యూటర్ తిట్టలేదు. "ఈ వారం ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడు, చూడక్కర్లేదు" అంది. రెండో వారం మంచం పక్కకు రమ్మంది. మూడో వారం కట్టు చుట్టడం, అంటే విప్పడం కాదు, చుట్టడం మాత్రమే. విప్పడం ఎప్పుడొచ్చిందో నాకు గుర్తు కూడా లేదు. ఆ విప్పిన రోజు ఆ పిల్ల, నాకన్నా ఏడాది చిన్నదనుకుంటా, "అక్కా, నీ చెయ్యి వణకట్లేదు, నువ్వే రోజూ రా" అంది. వణకని చెయ్యి కావాలంది ఆ పిల్ల. నా కన్నీళ్ళతో ఆమెకేం పని?

చాలా ఏళ్ళ తర్వాత మానసిక శాస్త్రం పుస్తకంలో చదివాను. మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ అమెరికాలో 1924లో ఒక పని చేసిందట. మూడేళ్ళయినా నిండని పీటర్ అనే పిల్లవాడికి కుందేలంటే భయం. వాడు ఇష్టమైనది తింటూ ఉండగా పంజరంలో కుందేలును గదికి ఆ చివర పెట్టి, రోజు రోజుకూ కాస్త దగ్గరికి జరుపుతూ వచ్చింది. చివరికి వాడు దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. మా ట్యూటర్ ఆ పుస్తకం చదివిందో లేదో తెలియదు గానీ చేసింది మాత్రం అదే. ఇప్పటి పిల్లలను మొదటి వారమే నైట్ డ్యూటీలో ఒంటరిగా పడేస్తున్నారు. అది అలవాటు చేయడం కాదు, ఈత రానివాణ్ణి బావిలోకి తోయడం. నువ్వెలా నేర్చుకున్నావో రాయలేదు. బావిలో పడే నేర్చుకున్నావేమో.

ఇంకో సంగతి, ఇది నువ్వు మీ పెద్దమ్మకు కూడా చెప్పొచ్చు. 2007లో తైవాన్‌లో ఒక ప్రయోగం చేశారు. సూదులు గుచ్చి వైద్యం చేసే ఆక్యుపంక్చర్ వైద్యులనూ, మామూలు మనుషులనూ స్కానర్‌లో పడుకోబెట్టి, ఎవరి చేతికో పాదానికో సూది గుచ్చుతున్న బొమ్మలు చూపించారు. మామూలువాళ్ళ మెదడులో నొప్పికి సంబంధించిన భాగాలు, తమకే గుచ్చినట్టు, వెలిగాయి. వైద్యులకు అవి వెలగలేదు. అంతవరకే అయితే మీ పెద్దమ్మ మాటే నిజమనుకోవాలి. కానీ వాళ్ళకు నుదుటి వెనక, ఉద్వేగాన్ని అదుపు చేసి ఆలోచించే భాగాలు పనిలోకి దిగాయి. అంటే అక్కడ ఉన్నది ఖాళీ కాదు. ఎదుటివాడి నొప్పి తన నొప్పై కూర్చుంటే వైద్యం చేసే చెయ్యి ఆగిపోతుంది గనక, మెదడు ఆ గొడవను పక్కకు నెట్టి పనికి చోటు చేస్తుంది. అమ్మమ్మ మంచం దగ్గర నీకు జరిగింది అదేనని నేననుకుంటున్నాను. చీర కట్టుకుని వెళ్ళావు గానీ లోపల యూనిఫాం వేసుకునే ఉన్నావు. అది విప్పే సందు ఆ పదకొండు రోజుల్లో నీకెవరూ ఇవ్వలేదు. వంటవాళ్ళను పిలిచావో, చుట్టాలకు బీపీలు చూశావో. మన ఇళ్ళల్లో నర్సు పిల్ల ఉంటే చావింట్లో కూడా బీపీ మిషన్ పట్టుకుని తిరగాల్సిందే.

ఏడుపు గురించి ఇక ఒక్క మాట. మా అమ్మ పోయినప్పుడు నేనూ ఏడవలేదు. ఎనిమిది నెలల తర్వాత ఆవకాయ జాడీ తీశాను. జాడీ మూతికి అమ్మ కట్టిన గుడ్డ, ఆ గుడ్డ మీద అమ్మ వేసిన ముడి. ఆవిడ ముడి ఒక పట్టాన ఊడేది కాదు, ఎప్పుడూ తిట్టుకునేదాన్ని. గోళ్ళతో లాగుతూ లాగుతూ, ఈ ముడి విప్పేస్తే అమ్మ వేసిన ముడి ఇంకెక్కడా మిగలదని తట్టింది. వంటింట్లో నేల మీద కూలబడి ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఆ పూట అన్నంలోకి పెరుగే. నీకు ఎప్పుడొస్తుందో, దేన్ని చూసి వస్తుందో నేను చెప్పలేను. రాకపోయినా అపరాధం కాదు. తెచ్చుకోవాలని మాత్రం చూడకు.

సరే, అలారం.

ఏ అలారమో నువ్వు రాయలేదు. సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్) పడిందా, ఒంటికి అంటించిన లీడ్ వైరు ఊడిందా, పల్స్ తగ్గిందా? రాయలేదంటే ఆ రాత్రి చూడలేదు గనక తెలియదు, తర్వాత కూడా అడిగి తెలుసుకోలేదు అని నాకు అనుమానం. అమ్మమ్మ దగ్గర ఏడుపు రాకపోవడం వల్ల ఎవరికీ నష్టం లేదు. దీనివల్ల ఉంది. మీ అమ్మ ముక్కుకు ఘాటు తెలియడం మానేసింది. అంతమాత్రాన ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవడం మానేసిందా? తెలియడం ఆగింది, తగలడం ఆగలేదు. నీ చెవికి అలారం వినిపించడం మానేసింది, మంచం మీద మనిషికి ఊపిరి అందకపోవడం మానేయలేదు.

ఇది నీ ఒక్కదాని జబ్బు కాదని ముందే చెబుతాను, లేకపోతే మళ్ళీ "నేను రాయిని" అని ఇంకో ఉత్తరం రాస్తావు. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013లో ఇదే విషయం మీద హెచ్చరిక జారీ చేసింది. 2009 జనవరి నుంచి 2012 జూన్ దాకా తమ దగ్గరికి వచ్చిన నివేదికల్లో అలారాలకు సంబంధించిన ఘటనలు 98 ఉంటే, వాటిలో 80 మంది చనిపోయారు. మోగే అలారాల్లో నూటికి 85 నుంచి 99 దాకా నర్సు చేయాల్సిన పనేమీ లేనివేనని కూడా అదే హెచ్చరికలో ఉంది. నాన్నా పులి కథే. వందసార్లు ఉత్తుత్తిగా అరిచే యంత్రాన్ని పక్కన పెట్టి, నూటొకటోసారి నమ్మమంటే ఏ చెవైనా ఎలా నమ్ముతుంది? అప్లీజియాకే పది సార్లు చాలాయి. పన్నెండు గంటల డ్యూటీలో నీకు ఎన్ని?

కాబట్టి "ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను" అని ఒట్టు పెట్టుకుంటే లాభం లేదు. ఒట్టుకు నరాలు లొంగవు. ఉత్తుత్తి మోతలు తగ్గించాలి. డ్యూటీ ఎక్కగానే ఒక్కో మంచం దగ్గరా అలారం లిమిట్లు చూడు. పొగ తాగి తాగి ఊపిరితిత్తులు పాడైన సీఓపీడీ మనిషికి డాక్టర్లే సాచురేషన్ 88 నుంచి 92 మధ్య చాలంటారు. ఆయన మానిటర్‌లో కింది లిమిట్ 90 దగ్గరే వదిలేస్తే తెల్లవార్లూ మోగుతూనే ఉంటుంది, నువ్వు నొక్కుతూనే ఉంటావు. డ్యూటీ డాక్టర్‌ను అడిగి ఆర్డర్ రాయించుకుని లిమిట్ మార్చు. ఈసీజీ ఎలక్ట్రోడ్లు రోజూ మార్చు. అంటించే ముందు చర్మం శుభ్రంగా తుడిచి ఆరనివ్వు. చెమట మీద అంటిస్తే అర్ధరాత్రికి ఊడి "గుండె ఆగింది" అని గోల పెడుతుంది. వేలు చల్లబడితే సాచురేషన్ చూసే ప్రోబ్ ఇంకో వేలికి మార్చు, నెయిల్ పాలిష్ ఉంటే తీసెయ్యి. ఇవన్నీ నీకు పాఠంలో చెప్పే ఉంటారు, నేనూ నా పిల్లలకు చెప్పాను. చెప్పినవాళ్ళమే రాత్రి మూడింటికి చేయకుండా వదిలేశాం, అది వేరే సంగతి.

ఆ బటన్ దగ్గర మాత్రం ఒక వరస పెట్టుకో. ముందు మనిషి ముఖం, తర్వాత స్క్రీన్, ఆ తర్వాతే బటన్. చెయ్యి బటన్ మీదికి పోయేలోగా కళ్ళు ముఖం మీదికి పోవాలి. నెల రోజులు బలవంతాన చేస్తే అదీ అలవాటైపోతుంది. అలవాటు పడడం నీకు బాగా వచ్చిన విద్యే కదా, దాన్నే వాడుకో.

ఆ రాత్రి సంగతి మీ ఇన్‌చార్జికి చెప్పు. ఈ వారంలోనే, నోటితో సరిపెట్టకుండా రాసి ఇవ్వు. తిడతారేమో, మెమో ఇస్తారేమో అని భయం ఉంటుంది, అబద్ధం చెప్పను, కొన్నిచోట్ల ఇస్తారు కూడా. నేను ఒకసారి రెండు ఇంజెక్షన్ వైల్స్ తారుమారు చేసి, ఎక్కించకముందే చూసుకుని, ఎవరికీ చెప్పలేదు. రెండు నెలలకు అదే వార్డులో ఇంకో అమ్మాయి అదే పొరపాటు చేసింది. రెండూ ఒకే ట్రేలో, ఒకే రంగు మూతతో ఉండేవి. నేను చెప్పి ఉంటే ట్రే మారేది. ఆ పేషెంట్ బతికాడు గానీ ఆ అమ్మాయి ఉద్యోగం మానేసి వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఎక్కడన్నా ఎర్ర మూత వైల్ చూస్తే ఆ అమ్మాయి ముఖమే.

చూసి పరిగెత్తుకొచ్చిన జూనియర్‌కు థాంక్స్ చెప్పావా? చెప్పకపోతే రేపే చెప్పు. ఆ పిల్లకు ఇంకా అలారం వినిపిస్తోంది. నీ పక్కన అలాంటి చెవి ఒకటి ఉండడం అదృష్టం.

ఉద్యోగం మానేస్తే మామూలు మనిషినవుతానా అని అడిగావు. మామూలు మనిషివే. మానడం మానకపోవడం నీ ఇష్టం, కానీ రాయినయ్యానన్న భయంతో మానకు. మానాల్సి వచ్చే సంగతులు వేరే ఉన్నాయి. క్రిస్టినా మాస్లాక్ అనే పరిశోధకురాలు 1981లో ఉద్యోగంలో మాడిపోయినవాళ్ళను గుర్తుపట్టే ప్రశ్నావళి ఒకటి తయారుచేసింది, అందులో చూసేవి మూడు. నిద్రపోయినా తీరని అలసట. ఎదుటి మనిషి వస్తువులా కనిపించడం. నేను చేసేదానివల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదన్న భావం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో దీన్ని తన జాబితాలో చేర్చింది. జబ్బుగా కాదు, ఉద్యోగం వల్ల వచ్చే స్థితిగా. నాకు ఆ మాట నచ్చింది. తప్పు మనిషిలో కాకుండా డ్యూటీ చార్టులో వెతకమని చెప్పినట్టుంది.

మొదటిదీ మూడోదీ నీకున్నాయో లేవో ఉత్తరంలో తెలియలేదు. రెండోదానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఇవాళ డ్యూటీ అయ్యాక బస్సులో కూర్చుని, నీ పేషెంట్లలో ఒకరి ఇంటి సంగతి ఏదన్నా గుర్తొస్తుందేమో చూడు. కూతురు ఏ ఊళ్ళో ఉంది, ఎన్ని ఎకరాలు కౌలుకు చేస్తున్నాడు, కాఫీలో చక్కెర ఎంత. ఏదో ఒకటి గుర్తొస్తే ఫరవాలేదు. "నాలుగో నంబరు బెడ్, సెప్సిస్" అని బెడ్ నంబరూ జబ్బు పేరూ తప్ప ఏమీ రాకపోతే, రేపటి నుంచి డ్యూటీ అప్పగించే హ్యాండోవర్‌లో పేరు చెప్పి తర్వాత బెడ్ నంబరు చెప్పు. మొదట నోటికి అడ్డం పడుతుంది. పక్కవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. డ్యూటీ రూములో మనం వేసుకునే నల్ల జోకులకు నేనేమీ అడ్డు చెప్పను. అవి లేకపోతే ఆ గదిలో సగంమంది ఏనాడో పిచ్చెక్కిపోయేవాళ్ళు. తలుపు మూసి వేసుకోండి, బయట పేషెంట్ల తాలూకు వాళ్ళుంటారు.

మీ ఐసీయూలో ఎవరైనా పోయినప్పుడు లైన్లు తీసి, షీట్ కప్పి, బెడ్ ఖాళీ చేసే హడావిడి ఉంటుంది కదా. అమెరికాలో వర్జీనియాలో జొనాథన్ బార్టెల్స్ అనే నర్సు ఒక పద్ధతి మొదలుపెట్టాడు. మనిషి పోయాక అక్కడున్న డాక్టర్లూ నర్సులూ అంతా ఓ నిమిషం మౌనంగా నిలబడి, ఆ తర్వాతే పని. నిమిషంలో ఏ బెడ్డూ ఆలస్యం కాదు. డాక్టర్లు ఒప్పుకోకపోతే నువ్వూ ఆయమ్మా చాలు. పేరు తలుచుకుని నిలబడండి. అమ్మమ్మకు నువ్వు చేయలేకపోయినది అదే కదా, నిలబడడం. పని చేశావు, నిలబడలేదు.

ఒక్క విషయంలో మాత్రం నా ఉత్తరం మీద ఆధారపడకు. తిండి రుచించకపోవడం, వారాల తరబడి నిద్ర లేకపోవడం, పొద్దున లేవకపోతే బాగుండునన్న ఆలోచన రావడం, వీటిలో ఏది ఉన్నా సైకియాట్రిస్టును చూడు. లేదా టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టింది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. నర్సులం గనక మనకు ఇంకో ప్రమాదం ఉంది. నిద్రమాత్రలు స్టాకులో చేతికందే దూరంలోనే ఉంటాయి. ఇద్దరు మంచి నర్సులు ఆ దారినే పోవడం చూశాను. ఒక్కటి కూడా నీ అంతట నువ్వు వేసుకోకు.

చివరగా సెలవు సంగతి. వేసవిలో యార్డుకు నెల రోజుల దాకా సెలవులిస్తారు కదా, మీ అమ్మ ఇంట్లోనే ఉంటుంది. నువ్వూ అప్పుడే సెలవు పెట్టు. నాలుగేళ్ళలో ఎన్ని ఈఎల్స్ (జీతంతో వచ్చే సెలవులు) మురగబెట్టావో నాకు తెలుసు, అందరం అంతే. వారం అయినా సరే. ఈలోగా మీ అమ్మకు ఓ మంచి మాస్కు కొనిపెట్టు, మీ ఆసుపత్రిలో వాడే ఎన్95 అయితే మేలు. "నాకేం కావట్లేదు" అంటుంది, నువ్వు "ఏమీ కాలేదులెండి" అన్నట్టే. వినకు.

యార్డు మళ్ళీ తెరిచిన మొదటి రోజు వీలైతే మీ అమ్మ వెంట వెళ్ళు. నెల రోజులు దూరంగా ఉన్న ముక్కు కదా, మొదటి టిక్కీ విప్పగానే ఆవిడ కూడా నాలాగే తుమ్ముతుంది. ఎన్ని తుమ్ములో లెక్కపెట్టి నాకు రాయి.